సీలెంట్ మీద కార్నూబా: మన సీమ ఎండల్లో మెరుపూ మన్నికా రెండూ దక్కుతాయా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నాది ముదురు నీలం రంగు సెడాన్. ఆఫీసు దగ్గర నీడ లేదు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎండలోనే నిలబడుతుంది. ఇంటి దగ్గర మాత్రం రేకుల షెడ్డు ఉంది. ఇన్నాళ్లూ బయట పాలిష్ కొట్టించేవాణ్ణి. ఆ మెరుపు రెండు వాష్‌లకే పోతోంది. ఈసారి సొంతంగా చేసుకుందామని రెండు సరుకులు కొన్నాను. ఒకటి సింథటిక్ సీలెంట్ సీసా, అంటే పెయింటును కాపాడే కృత్రిమ పూత. రెండోది కార్నూబా వ్యాక్స్ డబ్బా, అంటే ఒక చెట్టు మైనం. సీలెంట్ ఎక్కువ కాలం ఉంటుందంటారు, కార్నూబాతో రంగుకు లోతు వస్తుందంటారు. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు లాభాలూ వస్తాయా? ఏది ముందు? మధ్యలో ఎంత గ్యాప్ ఇవ్వాలి? ఎన్ని కోట్లు, అంటే ఎన్ని పూతలు వేయాలి? వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, అవన్నీ చల్లటి దేశాల వాళ్లవి. మన ఎండలో, మన దుమ్ములో చేసి చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

మిషన్_పాలిష్ (అనంతపురం)

ముందు సీలెంట్, దాని పైన కార్నూబా. ఈ వరస మార్చొద్దు అన్నా. సీలెంట్ పెయింటును నేరుగా పట్టుకోవాలి. కింద వ్యాక్స్ ఉంటే ఆ జిడ్డు అడ్డమొచ్చి అది అతుక్కోదు. వ్యాక్స్‌కు అంత పట్టింపు లేదు, శుభ్రంగా, నునుపుగా ఉన్న దేని మీదైనా కూర్చుంటుంది.

ఇక గ్యాప్ సంగతి. సీలెంట్ ఆరడం వేరు, గట్టిపడడం వేరు. తెల్లటి పొర కట్టి తుడిస్తే వచ్చేస్తోందంటే ఆరినట్టు. కానీ అది పూర్తిగా సెట్ కావాలంటే చాలా రకాలకు 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ లోపల నీళ్లు గానీ మంచు గానీ తగలకూడదు. మీకు షెడ్డు ఉంది కాబట్టి శనివారం సాయంత్రం సీలెంట్ వేసి, ఆదివారం సాయంత్రం వ్యాక్స్ వేసుకోండి. మీ సీసా వెనక ఎంత టైము రాశారో ఒకసారి చూడండి, నా మాట కంటే అదే లెక్క.

కోట్ల గురించి తర్వాత రాస్తా, షాపులో బండి ఉంది.

కడప_ఎండ (కడప)

నేను ఇందులో సగమే ఒప్పుకుంటా. వరస సరే. కానీ మన దగ్గర కార్నూబా వేయడం దండగ అని నా అభిప్రాయం. మే నెలలో బానెట్ మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి మైనం ఏం మిగులుతుంది? సీలెంట్ ఒక్కటి వేసుకుని, కార్నూబా డబ్బు పెట్టి మంచి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు కొనుక్కుంటే బండికి ఎక్కువ మేలు.

రసాయన_పంతులు (నంద్యాల)

కడప సోదరుడి మాటలో నిజం ఉంది, కానీ కార్నూబా ఎండకు కరిగి కారిపోతుందనుకోవడం సరికాదు. స్వచ్ఛమైన కార్నూబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. సహజమైన మైనాల్లో ఇదే చాలా గట్టిది. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. నడి ఎండలో ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలు దాటడం మామూలే. అంటే కార్నూబా కరిగే వేడికి దగ్గరికి వస్తుంది తప్ప చేరుకోదు.

అయితే మీ డబ్బాలో ఉన్నది స్వచ్ఛమైన కార్నూబా కాదు. అది ఉత్తగా ఉంటే గోరు కూడా దిగదు, బండికి రాయలేం. అందుకని సాల్వెంట్లు (మైనాన్ని కరిగించే ద్రవాలు), నూనెలు, కొన్నిట్లో తేనెమైనం కలిపి మెత్తగా చేస్తారు. డబ్బా మీద వంద శాతం కార్నూబా అని రాసి ఉంటే, అందులో వాడిన కార్నూబా కల్తీ లేనిదని అర్థం. డబ్బా నిండా అదే ఉందని కాదు. ఈ మిశ్రమం ఎండకు మెత్తబడుతుంది. మెత్తబడిన పొరను దుమ్ము పట్టుకుంటుంది, వాష్ చేసినప్పుడు ఆ దుమ్ముతో పాటు పొర కూడా కొంచెం కొంచెం పోతుంది. మన దగ్గర వ్యాక్స్ ఆయుష్షు తగ్గడానికి అసలు కారణం ఇది. ఎండ మెత్తబరుస్తుంది, రాపిడి తీసుకెళ్తుంది.

సీలెంట్ కింద ఎందుకు ఉండాలో కూడా చెబుతాను. కార్నూబా పెయింటు మీద ఊరికే కూర్చుని ఉంటుంది, పట్టు తక్కువ. సీలెంట్లలో చాలా వాటిలో ఉండే సిలికోన్ పాలిమర్లు పెయింటును గట్టిగా పట్టుకుని, తమలో తాము కూడా అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్నాక పైన రాసే వ్యాక్స్‌లోని సాల్వెంటు వాటిని అంత తేలిగ్గా కదిలించలేదు. అదే వ్యాక్స్ మీద సీలెంట్ వేశారనుకోండి, నూనె పూసిన గోడకు సున్నం కొట్టినట్టే.

అనంత_గాలి (అనంతపురం)

పంతులు గారు చెప్పినదానికి ఒక ముచ్చట కలుపుతా. కార్నూబా ఇచ్చే తాటిజాతి చెట్టు బ్రెజిల్ ఈశాన్య భాగంలో పెరుగుతుంది. సియరా, పియాయీ రాష్ట్రాలు దానికి పుట్టిల్లు. అదీ మన అనంతపురంలాగే వానలు తక్కువ ఉన్న ప్రాంతం. లోపలి తడి ఎండకు ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకుల మీద మైనం పూసుకుంటుంది. ఎండాకాలంలో ఆకులు కోసి, ఆరబెట్టి, కొట్టి ఆ పొడి రాల్చి కరిగిస్తారు. ఎండను తట్టుకోవడానికే పుట్టిన మైనం అది. నాకు దాని మీద గౌరవం ఎక్కువ, మీరు దండగ అంటే ఊరుకోలేను.

ఇక పని సంగతి. నా నల్ల కారు బానెట్ మీద ఎండాకాలం ముందు ఒక పరీక్ష పెట్టాను. మాస్కింగ్ టేపుతో మూడు భాగాలు చేశాను. ఎడమవైపు కార్నూబా ఒక్కటే. నడిమిన సీలెంట్ ఒక్కటే. కుడివైపు సీలెంట్ వేసి, మర్నాడు దాని మీద కార్నూబా. మూడిటికీ ఒకే షాంపూ, ఒకే గుడ్డ, ఒకే ఎండ.

మొదటి రాత్రి వీధి దీపం కింద చూస్తే కుడి, ఎడమ భాగాల్లో దీపం నీడ చుట్టూ నలుపు చిక్కగా ఉంది. నడిమి భాగం అద్దంలా ఉంది కానీ కొంచెం పొడిగా, గాజు మెరుపు. టేపు తీసిన గీత దగ్గర తేడా బాగా తెలిసింది. ఆ గీత చూపించకపోతే ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

ఎండలు ముదిరాక ఎడమవైపు నీళ్లు ముత్యాలు కట్టడం మానేసి చాపలా పరుచుకున్నాయి. అన్నిటికంటే ముందు పోయింది అదే. కుడివైపు మొదట్లో ముత్యాలు బిగువుగా, చిన్నగా ఉండేవి. ఆ తర్వాత నడిమి భాగంలాగే నడుచుకుంది. అంటే పైనున్న కార్నూబా పోయింది, కింద సీలెంట్ నిలబడి ఉంది. ఆ టైముకు చేత్తో నిమిరితే కుడి, నడిమి భాగాలు రెండూ ఒకేలా జారుతున్నాయి, ఎడమ భాగం వేలిని పట్టుకుంటోంది.

నాకు తెలిసింది ఇదీ. పై పొర పోతూ ఉంటుంది, పోనివ్వాలి. మళ్లీ వేసుకోవడం సులువు. కింద పొర ఉన్నంత కాలం పెయింటు ఒంటరిగా లేదు.

కడప_ఎండ (కడప)

ఈ టేపు పరీక్ష బాగుంది, ఇలాంటిది ముందెవరూ చెప్పలేదు. కానీ అన్నా, కుడివైపు కార్నూబా వల్ల కింది సీలెంట్ ఆయుష్షు ఏమైనా పెరిగిందా?

అనంత_గాలి (అనంతపురం)

వర్షాకాలం దాకా చూస్తే రెండూ దాదాపు ఒకేసారి నీరసించాయి. పెరిగింది అని గట్టిగా చెప్పలేను. మెరుపు మాత్రం ఉన్నన్నాళ్లు ఉంది.

ఎన్‌హెచ్44_క్యాబ్ (గుత్తి)

నాది తెల్ల క్యాబ్. హైదరాబాద్, బెంగళూరు తిరుగుతా. ఇంత ఓపిక లేదన్నా, నాలాంటోడికి ఏది మంచిది? రాత్రి హైవే మీద పోతే పొద్దునకు బంపరు, బానెట్ ముందు భాగం అంతా పురుగులే.

మిషన్_పాలిష్ (అనంతపురం)

క్యాబ్ తమ్ముడూ, నీకు ఒక్క సీలెంట్ చాలు. తెల్ల బండి మీద కార్నూబా లోతు కంటికి పెద్దగా ఆనదు. ఏడాదికి రెండుసార్లు బండంతా సీలెంట్ వేయి. బంపరుకూ బానెట్ ముందు అంచుకూ మాత్రం మధ్యలో ఇంకోసారి వేయి, దెబ్బంతా వాటికే. పురుగులు ఎండిపోకముందే తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, మెత్తబడ్డాక తియ్యి. ఎండలో మాడిన పురుగు పెయింటును తింటుంది.

ఒక్క మాట పట్టుదలగా చెబుతా. పొద్దున్నే క్యాబులు పొడి గుడ్డతో తుడుస్తుంటారు చూడు, అది మానేయి. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది. ఆ ఇసుకలోని క్వార్ట్‌జ్ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 7, పెయింటు పై పొర దాని ముందు చాలా మెత్తన. నువ్వు తుడిచే ప్రతి గుండ్రం ఒక గీత. ఎండలో సాలెగూడులా కనబడే గీతలన్నీ ఇట్లా వచ్చినవే. ఎన్ని కోట్లు వేసినా పొడి గుడ్డ ముందు నిలవవు.

హంద్రీ_ఒడ్డు అన్నా, కోట్ల సంగతి. కంపెనీ పెయింటు మొత్తం 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనున్న క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పొర, సుమారు 40, 50. మనం వేసే వ్యాక్స్ పొర ఒక్క మైక్రాను కూడా ఉండదు. కాబట్టి పది కోట్లు వేస్తే పొర పది రెట్లు మందమవుతుందనుకోవద్దు. పైగా రెండో కోటు వ్యాక్స్‌లోని సాల్వెంటు మొదటి కోటును కొంత కరిగించి కలుపుకుంటుంది. రెండో కోటు వేసేది మొదటిసారి మన చెయ్యి తప్పిన చోట్లు నిండడానికి. డోరు హ్యాండిళ్ల కింద, అద్దాల మూలల్లో, టాప్ మధ్యలో తప్పకుండా ఏదో ఒకటి మిగులుతుంది. రెండు చాలు. మూడోది అలవాటు కొద్దీ వేసేదే.

ఒంటిమిట్ట_రోడ్డు (కడప)

మా అపార్ట్‌మెంట్‌లో నా కారు వేపచెట్టు కింద ఆపాలి, వేరే చోటు లేదు. పక్షుల రెట్టలు, బంక, రాలిన పూత. రెండు పొరలు వేస్తే రెట్ట మచ్చ పడదా?

మిషన్_పాలిష్ (అనంతపురం)

పడదని చెప్పను అక్కా. పొర ఉంటే మీకు టైము దొరుకుతుంది, అంతే. ఎండలో పెయింటు వేడెక్కి మెత్తబడినప్పుడు రెట్ట దాని మీద ఎండి బిగుసుకుంటుంది. అప్పుడు మచ్చ లోపలికి దిగుతుంది. పొర ఉంటే ముందు దాన్ని తినాలి కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. కారులో ఒక నీళ్ల స్ప్రే సీసా, కొన్ని మెత్తటి గుడ్డలు పెట్టుకోండి. రెట్ట మీద నీళ్లు కొట్టి, తడిగుడ్డ కప్పి రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత ఎత్తి తీయండి, రుద్దొద్దు. రెట్టలో గింజలు, ఇసుక ఉంటాయి, రుద్దితే గీత పడుతుంది.

బండల_ఊరు (తాడిపత్రి)

మా ఊళ్లో కథ వేరప్పా. చుట్టూ బండల పాలిష్ యూనిట్లు. పొద్దున మంచు పడితే కారు మీద తెల్లటి పొర గట్టిపడి ఉంటుంది. కడిగినా చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. దానికి తోడు మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక ఆ మరకలు వేరే. ఈ రెంటి మధ్య వ్యాక్స్ వేయాలా వద్దా అనిపిస్తుంది.

రసాయన_పంతులు (నంద్యాల)

రెండూ ఒక కుటుంబమే. మీ బండలు సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేటు. బోరు నీళ్లు ఆరితే మిగిలేదాంట్లోనూ ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం లవణాలే. షాంపూకు ఇవి లొంగవు. ఆమ్లానికి లొంగుతాయి. తెల్ల వినెగరు ఒక పాలు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక పాలు కలిపి, గుడ్డ తడిపి మరక మీద ఒక నిమిషం ఉంచి, మంచి నీళ్లతో కడిగేయండి. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడే వాళ్లకూ ఇదే పద్ధతి. కానీ సిమెంటు దుమ్మును తడి తగలకముందే వదిలించడం మేలు, తడి తగిలితే గట్టిపడేదే దాని గుణం.

వినెగరు వల్ల పైనున్న వ్యాక్స్ కొంత బలహీనపడుతుంది. కాబట్టి ఆ చోట మళ్లీ పలుచగా వ్యాక్స్ రాయాలి. ఇంకొకటి, మన ఇళ్ల ముందు కడప బండలు పరిచి ఉంటాయి కదా, వాటి మీద వినెగరు పడనీయకండి. అదీ సున్నపురాయే, నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. కింద పాత గోనెసంచి తడిపి పరిచి చేయండి.

బండల_ఊరు (తాడిపత్రి)

ఆ బండల సంగతి మీరు చెప్పకపోతే ఇంటి ముందు మచ్చలు పడేవి సార్. థాంక్స్. మరి పొర వేయాలా?

అనంత_గాలి (అనంతపురం)

మీరే తప్పకుండా వేయాలి. పొర ఉంటే ఆ దుమ్ము పెయింటుకు కాకుండా పొరకు అంటుకుంటుంది, వదలడం సులువు. బోరు నీళ్లతో కడిగితే మాత్రం ఆరనివ్వకుండా ఒక్కొక్క డోరు కడిగి వెంటనే తుడుచుకుంటూ పోవాలి. నీళ్లు ముత్యాలు కడితే మురిసిపోతాం కానీ, ఆ ముత్యం ఎండలో ఆరితే అందులోని ఉప్పంతా ఒకే చోట చిక్కబడుతుంది. ఉప్పునీళ్ల ఊళ్లలో ముత్యాల కంటే ఆఖర్లో పైపు తలకాయ తీసేసి నీళ్లు మెల్లగా పారించడం మంచిది. నీళ్లు ఒకే రేకుగా జారిపోయి బానెట్ మీద తక్కువ మిగులుతాయి.

పెన్నా_అంచు (ప్రొద్దుటూరు)

మధ్యలో వస్తున్నా. షోరూములో నాకు టెఫ్లాన్ కోటింగ్ చేసి ఇచ్చారు. దాని మీద సీలెంట్ వేయొచ్చా?

రసాయన_పంతులు (నంద్యాల)

టెఫ్లాన్ అనే పదార్థం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. పెనం మీద దాన్ని కాల్చి అతికిస్తారు. కారు పెయింటు మీద అంత వేడి పెట్టలేం. కాబట్టి మీకు వేసింది ఆచరణలో ఒక మామూలు సీలెంట్‌లాగే పనిచేస్తుంది, కొన్ని నెలలకు పోతుంది. బాగా కడిగి, శుభ్రం చేసి మీ సీలెంట్ వేసుకోవచ్చు.

మిషన్_పాలిష్ (అనంతపురం)

హంద్రీ_ఒడ్డు అన్నా, మొదటే అడగాల్సిన ప్రశ్న. మీ కార్నూబా డబ్బా వెనక ఏం రాసుందో చదివి చెప్పండి. క్లీనర్ అనే మాట ఉందా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఇప్పుడే చూశాను. "కార్నూబా క్లీనర్ వ్యాక్స్" అని ఉంది. చిన్న గీతలు తీస్తుంది, పాత మురికి తీస్తుంది అని కూడా రాశారు. ఒకే దాంట్లో అన్నీ వస్తాయి కదా అని అదే తీసుకున్నాను. ఇంకా డబ్బా తెరవలేదు.

మిషన్_పాలిష్ (అనంతపురం)

తెరవకపోవడమే మంచిదైంది. అది సీలెంట్ మీద వేయకూడదు. క్లీనర్ వ్యాక్స్‌లో మెత్తటి అబ్రేసివ్ (అరగదీసే పొడి), బలమైన సాల్వెంటు ఉంటాయి. మురికి తీయడం దాని పని. మీరు రాత్రంతా ఆరబెట్టిన సీలెంట్‌ను కూడా అది మురికి కిందే లెక్కేసి తీసేస్తుంది. పొరల మీద పొరలు వేస్తున్నామనుకుని చాలామంది ప్రతిసారీ కింద పొర తీసేస్తుంటారు. మెరుపు ఉంటుంది కాబట్టి తెలియదు.

దాన్ని పారేయొద్దు, అన్నిటికంటే ముందు వాడండి. బండి కడిగి, క్లే చేశాక క్లీనర్ వ్యాక్స్‌తో పెయింటు మీది సన్న గీతలు, మసక తీయండి. తర్వాత అది వదిలిన జిడ్డు పోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్లు కలిపి స్ప్రే చేసి తుడవండి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట ఆ ఆల్కహాల్ దొరుకుతుంది. మంటకు దూరంగా, గాలి ఆడే చోట వాడండి. అప్పుడు సీలెంట్. పైన వేయడానికి క్లీనర్ అన్న మాట లేని వ్యాక్స్ చిన్న డబ్బా ఒకటి కొనుక్కోండి.

కడప_ఎండ (కడప)

ఇది నాకు కొత్త. నా దగ్గరున్న వ్యాక్స్ కూడా క్లీనరే అయి ఉండొచ్చు, సాయంత్రం చూస్తా. కార్నూబా నిలవదని నేను అంటున్నదానికి ఇదీ ఒక కారణమేమో.

ఒంటిమిట్ట_రోడ్డు (కడప)

క్లే అంటే ఏమిటి? మట్టా?

అనంత_గాలి (అనంతపురం)

బంకమట్టిలా సాగే ముద్ద అక్కా. బాగా కడిగాక కూడా బానెట్ మీద చిన్న చిన్న గరుకు మిగులుతుంది. ఒక పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి నిమిరి చూడండి, చేత్తో తెలియని గరుకు కవరులోంచి స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్ల ఇనుప రజను, తారు తుంపరలు, చెట్టు బంక అవన్నీ. క్లే ముద్దను సబ్బు నీళ్లతో తడుపుతూ మెల్లగా జరిపితే అవి దానికి అంటుకుని వచ్చేస్తాయి. గరుకు ఆగిపోయి ముద్ద చప్పుడు లేకుండా జారితే ఆ చోటు అయిపోయినట్టు. ముద్ద కింద పడితే మళ్లీ వాడొద్దు, ఇసుక అంటుకుని ఉంటుంది. క్లే చేస్తే పాత వ్యాక్స్ కూడా పోతుంది, కాబట్టి ప్రతి నెలా చేసే పని కాదు.

మెరుపు గురించి అందరూ వ్యాక్స్ డబ్బాలు చూస్తారు. నా మాట నమ్మండి, మెరుపులో చాలా భాగం ఈ శుభ్రం చేయడంలోనే వస్తుంది. గీతలున్న పెయింటు మీద ఎంత ఖరీదు కార్నూబా వేసినా ఆ గీతలే మెరుస్తాయి.

ఎన్‌హెచ్44_క్యాబ్ (గుత్తి)

అన్నా, వాటర్ వాష్ దగ్గర ఒకాయన ఆఖర్లో బండికి డీజిల్ గుడ్డ కొట్టి ఇచ్చాడు. భలే మెరిసింది. సీలెంట్ మీద అట్లా కొట్టొచ్చా?

మిషన్_పాలిష్ (అనంతపురం)

వద్దు తమ్ముడూ. డీజిల్ కూడా సాల్వెంటే, పైనున్న వ్యాక్స్‌ను కరిగిస్తుంది. ఆ మెరుపు నూనె తడి, అంతే. ఒక్క రోజులో రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు కూడా పాడవుతాయి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగడం కూడా వద్దు. అది జిడ్డు తీయడానికి చేసిన సబ్బు, వ్యాక్స్ దానికి జిడ్డు కిందే లెక్క. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసిన కార్ షాంపూ, రెండు బకెట్లు చాలు. ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. బయట ఇస్తే నీళ్లు, షాంపూ మాత్రమే కొట్టమని, తుడిచే గుడ్డ నేనే ఇస్తానని ముందే చెప్పు.

పెన్నా_అంచు (ప్రొద్దుటూరు)

ఏ నెలలో ఏది వేయాలి? సంవత్సరం పొడుగునా ఇదే వరసా?

అనంత_గాలి (అనంతపురం)

నేను చేసేది ఇది. సంక్రాంతి అయ్యాక, ఎండలు ముదరకముందే మొత్తం శుభ్రం చేసి సీలెంట్. మార్చి నుంచి మే దాకా పైన కార్నూబా పెట్టను, దుమ్ము పట్టుకుంటుంది. జూన్, జూలైలో మా అనంతపురం గాలులు తెలుసు కదా, ఎర్రమట్టి లేచి బండి మీద కూర్చుంటుంది. అప్పుడు నీళ్లు, షాంపూ తప్ప ఏమీ లేదు. వానలు తగ్గాక, దసరా దీపావళి మధ్యలో మళ్లీ సీలెంట్, రెండు రోజుల తర్వాత కార్నూబా. నవంబరు నుంచి జనవరి దాకా దాని అందం పూర్తిగా దక్కుతుంది. కడప వాళ్లకు అక్టోబరు, నవంబరు వానలు ఎక్కువ కాబట్టి వాళ్లు కార్నూబాను డిసెంబరుకు జరుపుకోవచ్చు.

కడప_ఎండ (కడప)

ఇట్లా అయితే నాకు అభ్యంతరం లేదు. ఎండాకాలం సీలెంట్, చలికాలం రెండూ. నేను మొదటినుంచీ అంటున్నది వేసవి గురించే.

ఒంటిమిట్ట_రోడ్డు (కడప)

మా చెల్లెలి కారుకు సిరామిక్ కోటింగ్ చేయించారు. దాని మీద కూడా కార్నూబా వేయాలా?

మిషన్_పాలిష్ (అనంతపురం)

అవసరం లేదు అక్కా. సిరామిక్‌కు దుమ్మును, నీళ్లను వదిలించే గుణం ఉంటుంది, దాని కోసమే అంత డబ్బు పెట్టారు. పైన వ్యాక్స్ పూస్తే ఆ గుణం కిందికి పోతుంది, కనబడేది వ్యాక్స్ గుణమే. నీరసించినట్టు అనిపిస్తే ముందు బాగా కడిగి చూడండి. చాలాసార్లు కోటింగ్ పోయి ఉండదు, పైన మురికి పేరుకుని నీళ్లు ముత్యాలు కట్టవు. అప్పటికీ కాకపోతే సిలికా కలిసిన స్ప్రే ఒకటి కొట్టుకుంటే సరిపోతుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. నేను అనుకున్నది ఇదీ, చూసి చెప్పండి. శనివారం తెల్లవారుజామునే కడిగి, క్లే చేసి, క్లీనర్ వ్యాక్స్‌తో పెయింటు సరిచేసి, ఆల్కహాల్‌తో తుడుస్తా. సాయంత్రం సీలెంట్. ఆదివారం సాయంత్రం కొత్త వ్యాక్స్ ఒక కోటు. బండి మొత్తానికి ఒకేసారి సీలెంట్ రాసి, ఆరాక మొత్తం ఒకేసారి తుడిచేయాలని ఆలోచన. ఆఫీసు పార్కింగులో ఎండ తప్పదు కాబట్టి, వేసవిలో వ్యాక్స్ మానేస్తా.

మిషన్_పాలిష్ (అనంతపురం)

అంతా సరే. రెండు మార్పులు చేసుకోండి.

రేకుల షెడ్డు సాయంత్రం కూడా సెగ కక్కుతుంది. అరచెయ్యి వెనక భాగం బానెట్‌కు ఆనించి చూడండి, వెచ్చగా తగిలితే ఆగండి. చీకటి పడ్డాక ఒక లైటు పెట్టుకుని చేసినా నష్టం లేదు. వేడి రేకు మీద సీలెంట్ రాసిన నిమిషంలోనే బిగుసుకుంటుంది, తుడవడానికి భుజాలు పోతాయి.

రెండోది, సీలెంట్ చాలా పలుచగా రాయండి. ఫోమ్ ప్యాడ్ మీద ఒక బానెట్‌కు మూడు నాలుగు చుక్కలు చాలు. రాసిన చోట కళ్లకు మసక మాత్రం కనబడాలి, తెల్లగా మందంగా కనబడితే ఎక్కువైనట్టు. తుడవాలో లేదో తెలియాలంటే చూపుడు వేలితో ఒక గీత లాగండి. వేలి కింద పెయింటు శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, పూసుకుపోతే ఇంకా ఆగాలి. ఒక సీలెంట్‌కూ ఇంకో దానికీ ఇది మారుతుంది, అందుకే ముందు ఒక డోరు మీద చూసుకుని తర్వాత బండంతా రాయండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

సరే అన్నా. బంపరు కింద నల్ల ప్లాస్టిక్, అద్దాల చుట్టూ రబ్బరు ఉన్నాయి. వాటి మీద కూడా రాయొచ్చా?

మిషన్_పాలిష్ (అనంతపురం)

వ్యాక్స్ రాయొద్దు. గరుకు ప్లాస్టిక్ సందుల్లో ఇరుక్కుని తెల్లగా ఎండిపోతుంది, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో కూర్చోవాల్సి వస్తుంది. సీలెంట్ కూడా కొన్ని రకాలు తెల్లబడతాయి. పని మొదలుపెట్టే ముందే ఆ అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేసేయండి. తుడవడం అయిపోయాకే తీయండి.